బలపరిచినవారు: వెర్నా పెట్కావ్

ఆల్డర్ క్రాసింగ్‌లో వెర్నా పెట్కావ్‌ను ఎరగనివాళ్ళు లేరు. మెడలో తాడుకు మూడు అట్టముక్కలు కట్టుకుని తిరిగే అరవై ఒక్కేళ్ళ మనిషి ఆ ఊళ్ళో మరొకరు లేరు మరి. ఒకటి ఆకుపచ్చ, ఒకటి పసుపు, ఒకటి ఎరుపు. కాఫీ దుకాణంలో పిల్ల గడగడా వాగితే పసుపుది పైకెత్తుతుంది, నెమ్మదిగా చెప్పమని. డాక్టరు ఆమెను వదిలేసి, తోడొచ్చిన ఉద్యోగిని చూసి "ఈమెకు నిద్ర పడుతోందా?" అని అడిగితే ఎర్రది ఎత్తుతుంది, ఆగి నన్నడుగు అని. ఆకుపచ్చది సరేననడానికి. వెర్నా బతుకులో సరే అనదగ్గవి అంత ఎక్కువగా రాలేదు గనక ఆ అట్ట చాలాకాలం కొత్తదిగానే ఉండిపోయింది. చివరికి ఆమె కొంప ముంచింది అదే.

వాటిని మొదట కత్తిరించింది వెర్నాయే, కార్న్‌ఫ్లేక్స్ డబ్బాలతో. పాతికేళ్ళ కిందట లూథరన్ చర్చి నేలమాళిగలో పదకొండుమంది కూర్చుని సంఘం పెట్టుకున్న రోజు అది. పుట్టుకతోనే బుద్ధి మందమనీ, మాట తిరగదనీ, లెక్క రాదనీ ఊరు పక్కన పెట్టిన పదకొండుమంది. అంతవరకూ వాళ్ళ గురించి అందరూ మాట్లాడారు. అమ్మానాన్నలు మాట్లాడారు, డాక్టర్లు, పాస్టర్లు, ప్రభుత్వంవాళ్ళు మాట్లాడారు. వాళ్ళే మాట్లాడలేదు. అందుకని సంఘానికి 'మా నోరు మాదే' అని పేరు పెట్టుకున్నారు.

ఆ సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. పసుపు అట్ట ఎత్తినవాళ్ళు తమంతట తాము దించేదాకా ఎవరూ ముందుకు పోకూడదు. ఒకసారి బోదాన్ అనే ఆయన 'సవరణ' అంటే ఏమిటో తేలేదాకా నలభై నిమిషాలు దించలేదు. ఒక్కరు కూడా నిట్టూర్చలేదు. జీవితమంతా ఎదురుచూపుల్లోనే గడిపినవాళ్ళకు నలభై నిమిషాలొక లెక్కా? సాయానికొచ్చిన మామూలు మనుషులు గోడవారగా కూర్చోవాలి, అడిగితేనే నోరు విప్పాలి. ఇక ఎవరైనా ఒక మాట ప్రతిపాదిస్తే దాన్ని బలపరచడానికి కొట్లాటే. నేనంటే నేనని పదిమంది చేతులెత్తేవాళ్ళు. చివరికి వంతులు వేసుకోవలసివచ్చింది. జన్మలో తొలిసారి తమ మాటకు విలువ వచ్చినవాళ్ళు ఇంకొకరి మాట ఒంటరిగా నిలబడితే చూడలేకపోయేవారు.

వెర్నా పుట్టింది గోధుమ పొలాల మధ్య. తల్లిదండ్రులు దైవభీతి గల మెనొనైట్ క్రైస్తవులు. దేవుడికి భయపడ్డారు, డాక్టరుకి అంతకన్నా ఎక్కువ భయపడ్డారు. ఈ పిల్లను మరిచిపోయి ఇంకొకరిని కనండి అని డాక్టరు చెబితే, పొద్దున్నా సాయంత్రం చెప్పిన మందు వేసుకున్నట్టు ఆ మాట పాటించారు. ఏడేళ్ళ వెర్నాకు కొత్త చేతిసంచి కొనిచ్చి, నది పక్కన ఎర్ర ఇటుకల భవనంలో దింపి వెళ్ళిపోయారు. సంచి తెరిచి చూస్తే అందులో ఏమీ లేదు. ప్రభుత్వం కాగితాల్లో ఆ భవనం పేరు శిక్షణ పాఠశాల. లోపల బతికినవాళ్ళు దాన్ని కోట అన్నారు.

కోటలో అన్నిటికీ లైనే. పళ్ళు తోముకోవడానికి లైను, మందులకు లైను, చలికోట్లకు లైను, అన్నిటికన్నా ముఖ్యంగా సాయంత్రం భోజనానికి లైను. లైను ఆపినవాళ్ళకు శిక్ష లేదు. ఆ లైనులో ఉన్న మిగతా అందరికీ తీపి పుడ్డింగు బందు. ఆపినవాళ్ళ సంగతి ఆ మిగతావాళ్ళే తరవాత చూసుకునేవారు. అలా అక్కడి ఉద్యోగులు చెయ్యి చేసుకోకుండానే పని జరిగిపోయేది. ఇరవై అయిదేళ్ళు ఆ లైనుల్లో నిలబడ్డ వెర్నాకు ఒకటే చదువు ఒంటబట్టింది, వెనకున్నవాళ్ళను ఆపకూడదు.

డెల్ఫీన్ షార్త్రాన్ వచ్చేనాటికి వెర్నాకు పదమూడు, ఆ పిల్లకు పది. డౌన్ సిండ్రోమ్ పిల్ల, గుండ్రటి ముఖం, చిన్న చేతులు. పేరు పక్కన 'మాటలు రావు' అని రాశారు. మాటలు రాకేం, బ్రహ్మాండంగా వచ్చు. చెరువు అవతల, ఫ్రెంచివాళ్ళ నెత్తురూ ఆదివాసుల నెత్తురూ కలిసిన మేటీల ఊరి పిల్ల, ఇంట్లో ఫ్రెంచి. కోటలో ఫ్రెంచి తెలిసినవాళ్ళెవరూ లేరు. ఉద్యోగులకు రాని భాష పిల్లకు లేని నోరయి కూర్చుంది. పక్క మంచంలో వెర్నాకు మాత్రం అర్థమయ్యేది, ఏడుపు ఏ భాషలోనైనా ఒకటే గనక. రెండేళ్ళలో ఇద్దరూ కలిసి మూడో భాష తయారుచేసుకున్నారు.

వెర్నా చాకిరీ బట్టల గదిలో. ఆవిరిలోంచి బయటపడి సాయంత్రం లైనుకు చేరేసరికి ఆలస్యమయ్యేది. డెల్ఫీన్ ముందే వెళ్ళి నిలబడి, తన వెనక ఒక మనిషికి చోటు వదిలి, చెయ్యి అడ్డం చాపేసేది. "వెర్నా రావాలి." ఎవరు తోసినా కదిలేది కాదు. లైను ఆగిపోయేది. అందరి పుడ్డింగూ పోయేది. పడుకునే వేళకు డెల్ఫీన్ తొడల మీద గిల్లిన మచ్చలు తేలేవి. నాలుగుసార్లు చూసి అయిదోసారి వెర్నాయే ఆ చాపిన చేతి మీద చెళ్ళున కొట్టింది.

"లైను ఆపకూడదే. నా కోసం కూడా ఆపకూడదు. అర్థమైందా?"

డెల్ఫీన్ ఏడవలేదు. చెయ్యి దించేసింది. మళ్ళీ కోటలో ఎన్నడూ చాపలేదు. తన చేత్తో తను చేసినవాటిలో ఇది గొప్ప మేలని వెర్నా చాలా ఏళ్ళు అనుకుంది.

కోట మూతపడే కాలానికి ముందు ఇద్దరినీ కలిపే బయటికి పంపారు. బర్చ్ వీధిలో ఆసరా సంస్థవారి రెండంతస్తుల ఇల్లు. మొత్తం నలుగురు ఉంటారు, పూటకొక ఉద్యోగి వచ్చిపోతాడు. మేడమీద పక్కపక్క గదులు ఇద్దరివీ. తలుపుకు తాళంచెవి కోసం వెర్నా రెండేళ్ళు పోరింది. నలభై దాటిన ఆడవాళ్ళను 'మా అమ్మాయిలు' అనవద్దని ఇంకో పదేళ్ళు పోరి ఓడిపోయింది. బయటికి పంపే ఉత్తరాల్లో మానేశారు గాని, నోటితో అనడం మానలేదు. ఇలా పోరి పోరి, 'మా నోరు మాదే' అధ్యక్షురాలిగా ఊరంతా తిరిగి, చివరికి ఒకనాడు ఆసరా సంస్థ బోర్డులోనే కుర్చీ సంపాదించింది. తొమ్మిదిమందిలో ఒకతె. అట్టల పద్ధతిని బోర్డు కూడా ఒప్పుకుంది. ఒప్పుకోవడమేమిటి, సంస్థ గుర్తు వేసి మెరిసే ప్లాస్టిక్కువి చేయించి ఇచ్చింది. విరాళాల పుస్తకం అట్ట మీద ఆ మూడు రంగులతో నవ్వుతున్న వెర్నా ఫోటో వేసింది.

బోర్డులో ఆమెకొక గౌరవం కూడా దక్కింది. ప్రతి సమావేశం మొదట్లోనూ గంపగుత్త జాబితా అని ఒకటి వస్తుంది. చర్చ అక్కర్లేని చిల్లర విషయాలన్నీ ఒక మూట కట్టి, ఒక్క ఓటుతో దాటించేస్తారు. ట్రాక్టర్ల వ్యాపారి గార్త్ ఊలెట్ అధ్యక్షుడు. "బలపరిచేవారు?" అని ఆయన అడగగానే ఎనిమిది ముఖాలూ వెర్నా వైపు తిరిగేవి. వెర్నా ఆకుపచ్చ అట్ట ఎత్తేది. అందరూ నవ్వేవాళ్ళు. గుమాస్తా రాసుకునేవాడు, 'బలపరిచినవారు: వెర్నా పెట్కావ్'. ఎనిమిదేళ్ళు అలా సాగింది. ఆ పేజీల నకళ్ళు వెర్నా ఒక బూట్ల పెట్టెలో దాచుకుంది. పేరును తప్పుల్లేకుండా అచ్చువేసిన కాగితాలు ఆమెకు అంతకుముందు లేవు.

డెల్ఫీన్‌కు యాభై ఎనిమిదో ఏట మతిమరుపు మొదలయింది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళకు అది తొందరగానే వస్తుందట. మధ్యాహ్నం నాలుగు కాగానే కోటూ బూట్లూ వేసుకుని తలుపు దగ్గర నిలబడేది. ఎక్కడికే అంటే "లైనుకి" అనేది. ఒకరోజు మెట్ల మీద జారింది. మరో వారానికి మళ్ళీ జారింది. వెర్నా రెండు రాత్రులు ఆలోచించి, సంస్థ నడిపే మార్నీ దగ్గరికి వెళ్ళింది.

"కింద భోజనాల గది ఊరికే పడుంది. మేం తినేది వంటింట్లోనే. అందులో డెల్ఫీన్ మంచం వేద్దాం. మెట్లెక్కే పనుండదు," అంది.

"ఎంత చక్కని ఆలోచన వెర్నా. రాసుకుంటున్నాను చూడు," అంది మార్నీ.

"రాసుకుని?"

"అందరితో మాట్లాడాలి కదమ్మా."

"అందరంటే ఎవరు? ఆ ఇంట్లో ఉండేది మేం నలుగురం. మాట్లాడేసుకున్నాం. బల్ల జరపడానికి బోదాన్ కూడా వస్తానన్నాడు."

మార్నీ నవ్వింది. "మా అమ్మాయి గట్టిదే," అంది పక్కనున్న ఉద్యోగితో. ఆమె చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషయితే వెర్నాకు పని తేలికయ్యేది.

ఫిబ్రవరి సమావేశానికి కాగితాలు వచ్చాయి. బోర్డు కాగితాలు రెండు రకాలు. మామూలువాళ్ళకు మాటలతో, వెర్నాకు బొమ్మలతో. నగరంలో ఎవరో ప్రత్యేకంగా గీసి పంపుతారు. గంపగుత్త జాబితాలో అయిదో దాని పక్కన ఒక ఇల్లు, ఆ ఇంట్లోంచి ఒక బాణం, బాణం చివర ఇంకో ఇల్లు, ఆ ఇంటికి నవ్వే నోరు. కింద 'కొంతమందికి వారికి మరింత అనువైన కొత్త ఇల్లు దొరుకుతుంది' అని పెద్దక్షరాలు. ఎవరికో లేదు. ఇళ్ళకు నోళ్ళెందుకో వెర్నాకు ఎన్నడూ బోధపడలేదు. అయితే పక్కన కూర్చున్న నోటరీ గారి మాటల కాగితం మీద ఆమె కన్ను పడింది. అదే అయిదో వరసలో 'బర్చ్ వీధి' అని ఉంది. ఆ రెండు మాటలూ ఆమె ఎక్కడున్నా చదవగలదు.

వెర్నా పసుపు అట్ట ఎత్తింది.

"చూశాను వెర్నా," అన్నాడు గార్త్. "ఆఖర్న తీరిగ్గా చెబుతాంలే. ఇవాళ మంచు పడేలా ఉంది, అందరూ దూరం పోవాలి. బలపరిచేవారు?"

ఎనిమిది ముఖాలూ ఆమె వైపు తిరిగాయి. ఒకరు గడియారం చూసుకున్నారు. తోడు కూర్చున్న ఉద్యోగిని ఆమె చెవిలో "మామూలువే, ఏం లేదు," అంది. వెర్నా వీపు మీద ఎవరో నిలబడ్డట్టు అనిపించింది, వెనకాల పొడుగాటి లైను, అందరి చేతుల్లోనూ ఖాళీ పళ్ళేలు. ముప్పై ఏళ్ళ కిందట వదిలివచ్చిన కోట ఆ క్షణంలో గది నిండా నిలబడింది. ఆమె పసుపు అట్ట దించి ఆకుపచ్చది ఎత్తింది. అందరూ నవ్వారు. ఆఖర్న ఎవరూ ఏమీ చెప్పలేదు. మంచు పడుతోందని తొందరగా లేచిపోయారు.

మూడు వారాలకు, ఒక మంగళవారం పొద్దున బర్చ్ వీధి ఇంటి ముందు తెల్ల వ్యాను ఆగింది. డెల్ఫీన్ బట్టలు రెండు సంచుల్లో సర్దేసి ఉన్నాయి. సెయింట్ ఓడిల్‌లో వృద్ధుల ఆశ్రమం, రెండున్నర గంటల దారి, బస్సు లేదు. డెల్ఫీన్ కోటూ బూట్లూ వేసుకుని ఎప్పటిలాగే సిద్ధంగా ఉంది. లైనుకనుకుంది. వ్యానెక్కుతూ వెనక్కి తిరిగి "వెర్నా?" అంది. డ్రైవరు "ఆవిడ తరవాత వస్తుంది," అన్నాడు. అబద్ధం చెప్పడానికి వాళ్ళకు క్షణం పట్టదు.

వెర్నా కోటు గుండీలు కూడా పెట్టుకోకుండా సంస్థ ఆఫీసుకు నడిచింది.

"ఎవరు పంపమన్నారు?"

"కూర్చో తల్లీ. బోర్డు నిర్ణయం," అంది మార్నీ.

"బోర్డులో నేనున్నాను. నేను పంపమన్లేదు."

మార్నీ ముఖం నిజంగానే బాధగా పెట్టింది. బీరువాలోంచి ఒక పేజీ తీసి వేలితో చూపించింది. "అందరం కలిసే చేశాం వెర్నా. నువ్వు కూడా. ఇదిగో." అయిదో అంశం, బర్చ్ వీధి. ఏకగ్రీవం. బలపరిచినవారు: వెర్నా పెట్కావ్. పేరులో ఒక్క తప్పు లేదు.

తన వేలితో తన కన్ను పొడుచుకోవడం అంటారే, అది మాటవరసకు చాలామంది అంటారు. వెర్నా ఆ రోజంతా వంటింట్లో కూర్చుని కుడిచేతి వంకే చూసుకుంది. అన్నం తినమంటే ఎడమచేత్తో తింది.

ఆదివారం చర్చి నేలమాళిగలో సంఘం కూడింది. బోదాన్ అప్పటికే నిప్పులు కక్కుతున్నాడు. హోటల్లో గిన్నెలు తోమే యాభై అయిదేళ్ళ మనిషి, నోరు పదునైన కత్తి. సమావేశాలెలా నడపాలో చెప్పే లావుపాటి నియమాల పుస్తకం ఒకటి చదవడానికి పదేళ్ళు తీసుకున్నాడు, అందుకే ఒక్క అక్షరం మరిచిపోలేదు.

"పెద్దల పక్కన కుర్చీ వేయగానే నీకు కళ్ళు నెత్తికెక్కాయి," అన్నాడు. "ఎనిమిదేళ్ళు పెళ్ళిలో పప్పన్నం వడ్డించినట్టు వడ్డించావు, బలపరచడాన్ని. ఆ పళ్ళెంలో ఏముందో ఒక్కసారన్నా మూత తీసి చూశావా?"

వెర్నా కుడిచెయ్యి ఒళ్ళో దాచుకుంది.

"మాట్లాడవేం? నోరు నీదేగా?"

"ఇంక చాల్లే ఎదవా, ఏడుస్తోంది," అంది పక్కనున్న ముసలావిడ.

"ఏడవనీ. ఏడ్చాక వింటుంది," అన్నాడు బోదాన్. అంటూనే సంచిలోంచి నియమాల పుస్తకం తీశాడు, చీటీ పెట్టుకున్న పేజీ తెరిచాడు. "విను. దాటిపోయిన తీర్మానాన్ని మళ్ళీ తెరవమని అడగొచ్చు. ఎవరు పడితే వాళ్ళు అడగడానికి లేదు. సరేనని ఓటేసినవాళ్ళే అడగాలి."

"సరేనన్నవాళ్ళే?"

"ఆ. వద్దన్నవాళ్ళకు హక్కు లేదు. నువ్వు సరేనన్నావు కాబట్టి నీకుంది. నువ్వు తిన్న గడ్డి నీకే పనికొచ్చింది. కాకపోతే వచ్చే సమావేశంలోనే అడగాలి. అది దాటితే చెల్లదు."

సమావేశం వచ్చేదాకా రోజూ నేలమాళిగలో సాధన చేశారు. కుర్చీలు గుండ్రంగా వేసుకుని ఒకడు గార్త్ అయ్యాడు, ఒకామె మార్నీ అయి అందరినీ 'తల్లీ, తల్లీ' అంది. వెర్నా నిలబడి చెప్పేది. కింద గది ఖాళీగా ఉంది, మెట్లెక్కక్కర్లేదు, బల్ల జరపడానికి మనుషులున్నారు, డెల్ఫీన్ నాకు నలభై ఎనిమిదేళ్ళుగా పక్క మంచం. ఆమె ముగించగానే "నేను బలపరుస్తున్నాను" అని నాలుగువైపుల నుంచీ చేతులు లేచేవి. ప్రతిసారీ కొట్లాటే, ప్రతిసారీ నవ్వులే.

ఒకసారి బోదాన్‌కు అనుమానం వచ్చింది. "అక్కడ ఒకళ్ళనైనా ముందే అడిగి పెట్టుకోరాదూ?"

"ఎందుకూ? ఎనిమిదేళ్ళు వాళ్ళందరివీ నేను బలపరిచాను. నాకొక్కటి బలపరచరా?" అంది వెర్నా.

ఆ మాట నిజమేననిపించింది అందరికీ. బోదాన్‌కు కూడా. పుస్తకమంతా తెలిసినవాడికి ఆ ఒక్కటీ తెలియలేదు. ఎవరూ బలపరచకపోతే ఎలా ఉంటుందో ఆ గదిలో ఎన్నడూ చూడలేదు గనక, దానికి సాధన చేయాలని ఎవరికీ తోచలేదు.

మార్చి సమావేశంలో వెర్నా ఎర్రది ఎత్తి లేచి నిలబడింది. ఒక్క మాట తప్పిపోలేదు. నియమం చెప్పింది, పేజీ నంబరు చెప్పింది. నోటరీ కనుబొమలెత్తి మెచ్చుకోలుగా చూశాడు. ఖాళీ గది గురించి చెప్పింది. నలభై ఎనిమిదేళ్ళ గురించి చెప్పింది. "ఆ రోజు నేను పసుపుది ఎత్తాను. మీరు ఆఖర్న చెబుతామన్నారు. చెప్పలేదు. నాకు అర్థం కాకుండానే సరేనన్నాను. అది నా తప్పు. ఇప్పుడు మళ్ళీ తెరవమని అడుగుతున్నాను," అని కూర్చుంది.

"బలపరిచేవారు?" అన్నాడు గార్త్.

ఒకాయన కాగితం తిరగేశాడు. పాస్టరు గారి భార్య కాఫీ కప్పులో చెంచా తిప్పింది, అందులో చక్కెర వేసుకోలేదు. నోటరీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. వెర్నా ఒక్కొక్క ముఖమే చూసింది. ఎనిమిది ముఖాలు, ఎనిమిదేళ్ళు ఆమె వైపు తిరిగి నవ్విన ముఖాలు. ఒక్కటి కూడా తిరగలేదు. బయట ఎవరో కారు మీది మంచు గీకుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"బలపరిచేవారు లేరు కాబట్టి ప్రతిపాదన పడిపోయింది," అన్నాడు గార్త్ మృదువుగా. "థాంక్యూ వెర్నా. చాలా ధైర్యంగా మాట్లాడావు. మనందరికీ గర్వంగా ఉంది." ఎవరో చప్పట్లు కొట్టారు. దాంతో అందరూ కొట్టారు. మార్నీ కళ్ళు తుడుచుకుంది.

"సరే, గంపగుత్త జాబితా. బలపరిచేవారు?"

అలవాటు మీద ఎనిమిది ముఖాలూ వెర్నా వైపు తిరిగాయి. అదే నవ్వు. వాళ్ళకు సిగ్గనేది ఉంటే ఆ నవ్వు దారిలోనే ఆగేది.

వెర్నా ఎర్ర అట్ట ఎత్తింది. ఎత్తి పట్టుకుంది. ఉద్యోగిని చెవిలో ఏదో అంది, వినలేదు. గార్త్ గొంతు సవరించుకున్నాడు. ఒక నిమిషం. వీపు వెనక లైను వచ్చి నిలబడింది, ఖాళీ పళ్ళేలు ఒకటికొకటి తగిలాయి. నిలబడనీ అనుకుంది వెర్నా. చెయ్యి దించలేదు. రెండో నిమిషం కాకముందే నోటరీ గడియారం చూసుకుని "నేను బలపరుస్తానులెండి," అన్నాడు. సమావేశం సాగిపోయింది. బలపరిచే నోళ్ళకు ఆ గదిలో ఎన్నడూ కొరత లేదన్నమాట. గుమాస్తా పేజీలో ఎర్ర అట్ట సంగతి లేదు, దానికి గడి లేదు.

ఏప్రిల్‌లో వెర్నా బోర్డు వదిలేసింది. విరాళాల పుస్తకం మీద ఫోటో మాత్రం అలాగే ఉంది. ఆమె తీయమంటే, అచ్చయిపోయాయి తల్లీ అన్నారు.

సెయింట్ ఓడిల్‌కు తీసుకువెళ్ళే మనిషి దొరికేసరికి జూన్ వచ్చింది. ఉద్యోగి ఒకతను వ్యానులో కూర్చుని "అయిదుంబావుకల్లా బయలుదేరాలి, నా డ్యూటీ అయిపోతుంది," అన్నాడు. వెర్నా రబార్బ్ పై అనే తీపి పిండివంట చేసి పట్టుకెళ్ళింది. ఆశ్రమంలో బయటి తిండి కుదరదని గుమ్మంలోనే తీసేసుకున్నారు.

భోజనాల హాలు బయట లైను ఉంది. నడక కర్రలు, చక్రాల కుర్చీలు. లైను కదలడం లేదు. దాని మధ్యలో డెల్ఫీన్ నిలబడి ఉంది. బాగా చిక్కిపోయింది. ఆమె వెనక ఒక మనిషికి సరిపడా ఖాళీ. ఆ ఖాళీకి అడ్డంగా చిన్న చెయ్యి చాపి ఉంది.

నర్సు వెర్నా మెడలో అట్టలు చూసి ఆగింది. "మీ పేరు?"

"వెర్నా."

"అయ్యో, వెర్నా అంటే నిజంగా ఉన్నారా? మేం ఏదో కట్టుకథ అనుకున్నాం. రోజూ ఇదే తంతు. వెర్నా రావాలి, వెర్నా రావాలి అని చెయ్యి అడ్డం పెట్టేస్తుంది. ఎంతమంది చెప్పినా కదలదు. చివరికి కిటుకు కనిపెట్టాంలెండి. వెర్నా తినేసింది అని చెబితే చెయ్యి దించేస్తుంది."

మతి పోయిన మనిషికి తను కొట్టిన దెబ్బ కూడా మతిలోంచి పోయిందన్నమాట. మిగిలింది ఆ చెయ్యొక్కటే. చదువు వచ్చినవాళ్ళు ఎనిమిదిమంది కూర్చుని చేయలేకపోయిన పని ఆ చెయ్యి రోజూ చేస్తోంది. బోర్డులో ఆ కుర్చీలో కూర్చోవలసింది డెల్ఫీన్, నేను కాదు, అనుకుంది.

వెళ్ళి ఆ ఖాళీలో నిలబడింది. డెల్ఫీన్ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. గుర్తుపట్టిందో లేదో చెప్పలేం. చెయ్యి మాత్రం దించింది. లైను కదిలింది. కిటికీ దగ్గర పళ్ళెం ఒకటే ఇచ్చారు, చూడ్డానికి వచ్చినవాళ్ళకు భోజనం లేదు. డెల్ఫీన్ బల్ల దగ్గర కూర్చుని, బంగాళాదుంపల ముద్దను చెంచాతో సగానికి విడదీస్తుండగానే వ్యాను హారన్ మోగింది.

"మళ్ళీ వస్తానే," అంది వెర్నా. ఎప్పుడో చెప్పలేదు, తెలియదు గనక.

తలుపు దగ్గర వెనక్కి తిరిగి చూసింది. డెల్ఫీన్ పళ్ళెం వదిలేసి మళ్ళీ లైనులోకి వచ్చి నిలబడి ఉంది. చెయ్యి అడ్డం చాపి ఉంది. వెనక ముసలాయన ఒకడు విసుక్కుంటున్నాడు. నర్సు వంగి డెల్ఫీన్ చెవిలో ఏదో చెప్పింది. చెయ్యి దిగింది. లైను కదిలింది.